జాకెట్టు చేతి కింది రంగు

ఆవిడ పోయిందన్న సంగతి నాకు బీపీ బిళ్ళలు కత్తిరిస్తుండగా తెలిసింది.

ఆ రోజు సంత. భావనపాడు నుంచి ఎండుచేపల గంపతో వచ్చే ఒకామె నెలకోసారి మా మందుల షాపు మెట్లెక్కుతుంది. మొగుడికి బీపీ బిళ్ళలు, తన మోకాళ్ళకి పూతమందు పట్టుకెళ్తుంది. నేను స్ట్రిప్పు కత్తిరిస్తూ ఉంటే ఆమె ఎదురుగా ఉన్న సంత గోడవైపు చూస్తూ, "నలుగుపిండి మామ్మ ఎల్లిపోనాదమ్మా, తెలీదేటి? పది రోజులైపోనాది," అంది.

"ఎక్కడ?" అన్నాను.

"శ్రీముకలింగం కాడ, సెల్లెలి ఇంట్లో. జొరమన్నారు."

మామూలుగా ఎవరైనా జ్వరంతో పోయారంటే నేను ఊరుకోను. ఏం జ్వరం, ఎన్నాళ్ళు, మందెవరిచ్చారు అని ఆరా తీస్తాను. ఆ రోజు ఏమీ అడగలేదు. కత్తెర పక్కన పెట్టి నీళ్ళు తాగాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. పాతికేళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను. డబ్బా వెనక్కి తిప్పి తేదీ చూడకుండా ఇంట్లో కారప్పొడి కూడా వాడను. ఒకసారి పాస్టరుగారి భార్య కేకు ముక్క చేతిలో పెడితే, ఇందులో గుడ్లు ఎప్పటివండీ అని అడిగానట. మా అప్ప, అదే మా అక్క, ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటిదాన్ని, నా కళ్ళెదురుగా గోనెపట్టా పరుచుకుని ముఖానికి రాసుకునే పొడులు అమ్మే మనిషిని అనుమానించకుండా ఉంటానా?

మనిషి పొట్టి. నలుపంటే అట్లపెనం నలుపు. నెత్తిమీద కొంగు ఎప్పుడూ జారేది కాదు. పొద్దున సంత గోడకి ఇవతల నీడలో కూర్చునేది. ఎండ తిరగగానే గోనెపట్టా, డబ్బాలు, సానరాయి అన్నీ ఎత్తుకుని అవతలికి మారిపోయేది. బేరం మధ్యలో ఉన్నా సరే, "ఎండొచ్చేసినాది, అటు రండర్రా," అని లేచిపోయేది. కొనేవాళ్ళు కూడా నవ్వుకుంటూ వెనకాల నడిచేవారు. కస్తూరి పసుపు, గంధ కచ్చూరాలు, మంజిష్ఠ, అతిమధురం వేళ్ళు, ఎండిన నారింజ తొక్కలు, పెసరపిండి. దేని డబ్బా దానిదే. అడిగినవాళ్ళ కళ్ళముందే కలిపి కాగితంలో పొట్లం కట్టేది.

కొత్తగా ఎవరొచ్చినా ఆవిడ ముందు ముఖం చూసేది కాదు. చెయ్యి పట్టుకుని, జాకెట్టు చేతిని రెండు వేళ్ళతో పైకి మడిచేది. ఎండ సోకని ఆ కాస్త చోటుని చూపించి, "సూసినావా? ఇదీ నీ రంగు. మీయమ్మ ఇచ్చింది. ముకమ్మీదున్నది ఎండిచ్చింది. ఎండిచ్చింది నాను తీస్తాను. మీయమ్మ ఇచ్చింది తియ్యడానికి నానెవుల్నే?" అనేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ తమ జాకెట్టు చేతులు ఎత్తి చూసుకునేవారు. సంతలో అదో తమాషా.

తెలుపు అన్న మాట ఆవిడ నోట వచ్చేది కాదు. తేట అనేది. ఒక టీచరమ్మ, "ఎన్నాళ్ళకి తెల్లబడతాను మామ్మా?" అని అడిగితే, "తెల్లబడాలంటే సున్నమేయించుకోవమ్మా, నా కాడికెందుకొచ్చినావు?" అంది. ఆ టీచరమ్మకి కోపం వచ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ వారం వచ్చి కూర్చుంది.

మళ్ళీ వారం రావాల్సిందే. అదే నాకు మరీ అనుమానంగా ఉండేది. ఎంత బతిమాలినా మొదటి సంతకి పొట్లం అమ్మేది కాదు. చిటికెడు పొడి తడిపి మోచేతి మడతలో రాసి, "ఎల్లు. పై సంతకి రా. దురదొచ్చినా, దద్దురొచ్చినా నాకు సెప్పు. ఏటీ రాకపోతే పొట్లమిస్తాను," అని పంపేసేది. చేతికొచ్చిన బేరం వదులుకునే వ్యాపారి ఎక్కడైనా ఉంటుందా? దొరకని సరుకంటే జనానికి మోజు, అది కనిపెట్టి ఆడుతున్న నాటకం అనుకున్నాను. షాపుకొచ్చిన వాళ్ళతో ఆ మాట అన్నాను కూడా.

"నీ నలుగు నువ్వు రాసుకోవేటి మామ్మా?" అని కుర్రపిల్లలు ఏడిపించేవారు. ఆవిడ ఏమాత్రం సిగ్గుపడకుండా తన జాకెట్టు చెయ్యి మడిచి, ముఖం పక్కన పెట్టి చూపించేది. "సూడండే. పైనా కిందా ఒకటే రంగు. అరవయ్యేళ్ళ ముకం. మీలో ఎవులికైనా ఉన్నాదేటి ఇలగ?" నిజమే, ఒకటే రంగు. అది పొడి మహిమ కాదు, కొంగు మహిమ, నీడ మహిమ అని నేను షాపులోంచి గొణుక్కునేదాన్ని. ఓ రోజు నా గొణుగుడు ఆవిడకి వినబడింది. "కొంగు కప్పుకోమని కూడా నానే సెప్తాను మందులమ్మా. దానికి పొట్లం కట్టి అమ్మలేను కదా!" అంది.

ఒకసారి ఆవిడే షాపుకొచ్చింది. చేతిలో ఓ క్రీము డబ్బా. మీద పచ్చటి ఆకుల బొమ్మ. ఎవరో కాలేజీ పిల్ల తెచ్చి చూపించిందట.

"ఇందులో ఏటేశారో సదివిపెట్టు."

చదివాను. అతిమధురం సారం, మల్బరీ సారం, కలబంద. ఇంకా నోరు తిరగనివి పదిహేనో పదహారో ఉన్నాయి.

"మల్బరీ అంటే పట్టుపురుగులు తినేదేటి?"

"అదే."

"అతిమదురం ఎంతేశారు?"

"రాయలేదు."

"ఎక్కడ తవ్విన యేరు?"

"అదీ రాయలేదు."

ఆవిడ డబ్బా తీసుకుని కొంగులో పెట్టుకుంది. "మరి నన్ను సంతలో నిలబెట్టి, ఈ యేరెక్కడిది, ఆ పసుపెక్కడిది అని పోలీసులాగ అడుగుతావు కదా. ఈ డబ్బానెందుకడగవు?"

ఆ డబ్బాలు నా అద్దాల బీరువాలో వరసగా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

నిజానికి అనుమానంలో ఆవిడ నాకేం తీసిపోదు. కస్తూరి పసుపు తెచ్చే మనిషి బస్తా విప్పగానే ప్రతి కొమ్మూ విరిచి వాసన చూసేది. పచ్చగా మెరిసిందంటే అవతల పారేసేది. అసలైనది మీగడ రంగులో ఉంటుందట, కర్పూరం వాసన వేస్తుందట. "కూరల్లో యేసీ పసుపు తెచ్చి కస్తూరంటావేటిరా, నా కళ్ళు పోనాయనుకున్నావేటి?" అని అరిచేది. ఆ అరుపులు వింటూ, ఈవిడకీ నాకూ ఒకటే జబ్బు అనుకునేదాన్ని. అయినా నా జబ్బు తగ్గలేదు.

ఇక్కడ నా షాపులో ఉన్న ఇంకో సరుకు గురించి చెప్పాలి. ఎర్రగీత ట్యూబు. చర్మరోగాలకి డాక్టర్లు రాసే స్టెరాయిడ్ పూత. ముఖానికి కొన్నాళ్ళు రాస్తే రంగు తేలుతుందని ఎలా పాకిందో, అమ్మాయిలందరికీ పాకింది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. అందరూ ఇస్తారు, నేనూ ఇచ్చేదాన్ని. కాకపోతే నేను జాగ్రత్త గల మనిషిని కదా! ప్రతి ట్యూబు మీదా మూత పక్కనే నీలం మార్కరుతో 'ఏడు రోజులే' అని రాసి, కింద గీత గీసి ఇచ్చేదాన్ని. పక్క షాపులవాళ్ళెవరూ అలా రాయరు. అందుకు నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు మా అప్ప కూతురు సువార్త డిగ్రీ పూర్తి చేసింది. విశాఖపట్నంలో ఒక బట్టల షోరూంలో కౌంటరు ఉద్యోగానికి వెళ్ళింది. దీనికి మాటా వచ్చు, లెక్కా వచ్చు. దీనితోపాటు వెళ్ళిన స్నేహితురాలికి రెండూ అంతంతమాత్రం. దాన్ని తీసుకున్నారు, ఇది నల్లగా ఉందని దీన్ని మూడు నెలలాగి రమ్మన్నారు. ఆ మాట ముఖం మీద అనలేదు గానీ, ఫోటో తీసి చూసుకుని ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారట. సువార్త ఇంటికొచ్చి అన్నం తినలేదు. వాళ్ళ నాన్న లేడు. ఆ ఉద్యోగం వస్తే వాళ్ళమ్మని ఉప్పు మడుల పని మాన్పించాలని దాని కోరిక. మూడు నెలల్లో ఎలాగైనా ఆ ఉద్యోగం దక్కాలి, అదొక్కటే దాని బుర్రలో.

నేను వద్దంటున్నా నలుగుపిండి మామ్మ దగ్గరికి వెళ్ళింది. మోచేతి పరీక్ష, పై సంత, పొట్లం, అన్నీ అయ్యాయి. నెల తిరిగేసరికి పిల్ల ముఖం వెలిగిపోయింది. చర్చిలో ఆడవాళ్ళు ఆపి మరీ అడిగారు. అప్ప మురిసిపోయింది. నాకు మాత్రం అనుమానమే. పసుపుకీ పెసరపిండికీ ఇంత తొందరగా ఇంత రంగు రాదు.

ఇంకో నెలకి ముఖం ఎర్రబడింది. బుగ్గల మీద సన్నటి నరాలు తేలాయి. గుమ్మం దాటితే మంట. గడ్డం కింద చీము పొక్కులు. షోరూంవాళ్ళు పిలిచిన రోజుకి సువార్త దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. శ్రీకాకుళం తీసుకెళ్ళాను. చర్మం డాక్టరుగారు ఒక్క చూపు చూసి, "ఇది స్టెరాయిడ్ రాసిన ముఖం. ఏం రాశావమ్మా?" అన్నారు.

"మామ్మ నలుగు తప్ప ఏమీ రాయలేదండీ," అంది సువార్త, తలెత్తకుండా.

అబద్ధమెందుకు, పిల్ల ముఖం కాలిపోతుంటే నాలో ఓ మూల సంతోషం కలిగింది. చూశారా, నేను ముందే అన్నాను!

ఆ సంతకి సువార్తని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. గోడ ఇవతల, జనం మధ్య, ఆవిడ డబ్బాల ముందు నిలబెట్టాను. దాని ముఖం మీది చున్నీ లాగేశాను.

"చూడు, నీ తేట! ఏం కలిపావు ఇందులో? ట్యూబు మందు పిండి కలుపుతున్నావా లేదా? ఆకులని చెప్పి పిల్లల ముఖాలు తగలేస్తావా? నీకు కూతుళ్ళు లేరా?"

ఎంత గట్టిగా అరిచానంటే, టమాటాలు తూచేవాడు కాటా వదిలేసి చూశాడు.

ఆవిడ లేచి నిలబడింది. నావైపు చూడలేదు. సువార్త ముఖాన్నే చూసింది. "ఓలమ్మ, ఓలమ్మ, ఏటైపోనాదే తల్లీ," అంటూ చెయ్యి చాపింది, చుడీదారు చెయ్యి పైకి మడవడానికి. సువార్త వెనక్కి గుంజుకుంది.

"నా పిల్లని ముట్టుకోకు!" అన్నాను.

"ముట్టుకోనులే. నువ్వే ఎత్తి సూడు మందులమ్మా. పిల్ల జబ్బ కింద రంగొకసారి సూడు. సూసినాక నన్ను తిట్టు. నానేటీ అనను."

నేను చూడలేదు. ఆవిడ నాటకాలు నాకు తెలుసనుకున్నాను. సువార్త ఏడుస్తోంది. సిగ్గుతో ఏడుస్తోందనుకున్నాను.

మందుల షాపామె అంటే ఊళ్ళో నమ్ముతారు. ఆ తర్వాత రెండు మూడు సంతలు ఆవిడ గోడ నీడలో ఒక్కతే కూర్చుంది. ఎండ తిరిగితే ఒక్కతే డబ్బాలన్నీ ఎత్తుకుని అవతలికి వెళ్ళేది. వెనకాల ఎవరూ నడిచేవారు కాదు. నేను షాపులోంచి చూస్తూనే ఉండేదాన్ని.

క్రిస్మస్‌కి ముందు మా అప్ప ఇంట్లో సున్నాలు వేస్తూ సామాన్లు బయటపెట్టాం. సువార్త పాత పుస్తకాల పెట్టె నేను దులిపాను. అడుగున, చర్చి పాటల పుస్తకం వెనక, నొక్కి నొక్కి చుట్టేసిన ట్యూబులు. తొమ్మిది. ఎర్రగీత. ప్రతి దాని మీదా మూత పక్కన నీలం మార్కరుతో, గుండ్రటి నా అక్షరాలు. ఏడు రోజులే. ఏడు రోజులే. ఏడు రోజులే.

సువార్త గుమ్మంలో నిలబడి ఉంది.

"మామ్మది నెమ్మదిగా పని సేస్తాది పిన్నీ. మూడు నెలలాగితే ఎండ రంగు పోతాదంతే, అంతకంటే రాదు అన్నాది. నాకది సాల్లేదు. మా క్లాసు పిల్ల సేత తెప్పించుకుని ఆ నలుగులోనే కలిపి రాసుకున్నాను. ఆకు మందులో కలిపితే సెడు సెయ్యదని అందరూ అనీవారు."

"ఎక్కణ్ణించి తెచ్చింది?" అన్నాను. నా చేతిలో నా రాతే ఉంది, అయినా అడిగాను.

"నువ్వే ఇచ్చావు పిన్నీ."

అప్పుడు దాని చుడీదారు చెయ్యి నేనే పైకి మడిచాను. జబ్బ కింద చక్కటి చామనచాయ, మా అమ్మది, మా అప్పది, నాది. ముఖం ఎర్రదనం కాస్త తగ్గిన చోటల్లా దానికంటే తెల్లగా, పాలిపోయి ఉంది. జాకెట్టు చేతి కింది రంగు కంటే తెలుపు తన వల్ల కాదని ఆవిడ సంత సంతకీ చెబుతూనే ఉంది. అంతకంటే తెలుపు వచ్చిందంటే అది ఆవిడ సరుకు కాదు. ఒక్కసారి చెయ్యెత్తి చూస్తే ఆ రోజే తెలిసేది. ఆవిడకి ముఖం చూడగానే తెలిసింది. నన్నూ చూడమంది.

ఎర్రగీత ట్యూబులు షాపులోంచి తీసేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సువార్త పేరు బయటపడుతుంది కదా అనుకున్నాను. అదొక సాకు. బయటపడేది నా పేరు.

పండగ వెళ్ళాక ఓ పొద్దున ఆవిడ షాపు మెట్లెక్కింది. తలనొప్పి బిళ్ళ అడిగింది. అప్పటికి సంతకి రావడం మానేసింది. చేతిలో గోనెసంచి, అందులో సానరాయి బరువు తెలుస్తోంది. చెల్లెలి ఊరు వెళ్ళిపోతోందట.

"పిల్ల ముకమెలగున్నాది?" అంది.

"నయమే మామ్మా."

"పెరుగూ, తేనే, నిమ్మకాయా, ఎవులేటి సెప్పినా రాయనీకు. ఊరికే ఒగ్గెయ్యండి. కొంగు కప్పుకోమను."

ఆవిడ కళ్ళు నా వెనక బీరువాలోకి వెళ్ళాయి. ఎర్రగీత ట్యూబులుండే అర ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూసింది, నన్ను చూసింది. బిళ్ళ కొంగున ముడేసుకుంది గానీ కదల్లేదు. నేను చెబుతానని నిలబడిందని నాకు తెలుసు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కౌంటరు దగ్గర ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు లేకపోతే చెప్పేదాన్నని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. లేకపోయినా చెప్పేదాన్ని కాదు.

"ఎల్తన్నాను మందులమ్మా," అని కొంగు సవరించుకుని మెట్లు దిగింది. తరవాత నేనావిణ్ణి చూడలేదు. శ్రీముఖలింగం ఎంత దూరమని? బస్సెక్కితే పూటలో వెళ్ళి రావచ్చు. ఒక్కసారీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఎండుచేపలామె బిళ్ళలు సంచిలో వేసుకుంటూ, "మంచి మనిసే గానమ్మా, పొడిలో మందు కలిపీది కదా. నువ్వే కదా సెప్పినావు. నాను మా పిల్లకి అప్పుడే మాన్పించీసినాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఎర్రగీత ట్యూబున్నాదేటమ్మా? పిల్ల ఒకటే గోల," అంది.

"ఆవిడ ఏమీ కలపలేదు," అన్నాను.

"ఏటి?"

"కలపలేదే. మా సువార్తే కలుపుకుంది. ఆ ట్యూబులు ఈ షాపులోవి. నేనే ఇచ్చాను. నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ ఊళ్ళో ఉండగానే తెలిసింది. చెప్పలేదు."

ఎండుచేపలామె నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నేను లోకాన్ని చూసిన చూపు అది.

"ఇప్పుడు సెప్తన్నావేటి తల్లీ!" అంది. "అయినా నాకు సెప్తే ఏటొస్తాది? సంతలో అరిసినావు. సంతలోకెల్లి సెప్పు."

గంప నెత్తిన పెట్టుకుని దిగింది. ట్యూబు సంగతి మరిచిపోయిందనుకున్నాను. లేదు, రెండు షాపుల అవతల మెట్లెక్కుతోంది.

నేను షట్టరు సగం దింపి రోడ్డు దాటాను. గోడ నీడలో ఆవిడ కూర్చునే చోట ఒకతను ప్లాస్టిక్ బకెట్లు పేర్చాడు. ఆ బకెట్ల పక్కన నిలబడ్డాను. ఆ రోజు తిట్టడానికి ఎక్కణ్ణించి వచ్చిందో అంత గొంతు, ఇప్పుడు రాలేదు. నలుగుపిండి మామ్మ ఏ పాపమూ ఎరగదని, పొడిలో ఏమీ కలపలేదని, తప్పంతా నా ట్యూబులదని, నాదని చెప్పాను. గాలికి చెప్పినట్టే అయింది. బకెట్లతను దారికి అడ్డం తప్పుకోమన్నాడు.

టమాటాలతను మాత్రం కాటా ఆపి, "ఏటమ్మా? ఇనబడ్నేదు," అన్నాడు. ఆ రోజు కాటా వదిలేసి చూసినవాడే.

మళ్ళీ మొదటినించీ చెప్పాను. ఈసారి ఆ రోజు అరిచినంత గట్టిగా చెప్పాను.